ఒకటో నంబరు జెర్సీ

మా మనవడి జెర్సీ మీద ఒక రగ్బీ లీగ్ ఆటగాడి చేత సంతకం పెట్టించడానికి నాకు 2024 ఫిబ్రవరి నుండి ఆగస్టు దాకా, అంటే ఇంచుమించు ఆ ఆట సాగే కాలమంతా పట్టింది. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో ఇటువంటి పనులు చివరికి ఊరి నుండి వచ్చిన నానమ్మ మీదనో తాతయ్య మీదనో పడతాయి కనుక, నా తరువాత సిడ్నీ వెళ్లేవారికి పనికివస్తుందని జరిగినది జరిగినట్లు రాస్తున్నాను. నేను తెనాలి దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి 2020లో పదవీ విరమణ చేసినదానిని. ఏ రోజు ఖర్చు ఆ రోజు నోటుపుస్తకంలో రాసుకునే అలవాటు ఇంకా పోలేదు. ఇక్కడ ఇచ్చిన తేదీలూ డబ్బు లెక్కలూ ఆ పుస్తకంలోనివే.

జనవరి 18న సిడ్నీలో దిగాను. మా అబ్బాయి వాళ్లు ఉండేది వెస్ట్‌మీడ్‌లో. అక్కడి నుండి పారమట్టా పార్కు మీదుగా నడుచుకుంటూ పోతే పారమట్టా ఈల్స్ జట్టు ఆడే కామ్‌బ్యాంక్ స్టేడియం వస్తుంది. ఎనిమిదేళ్ల మా మనవడికి ఆ జట్టే లోకం. ఈల్స్ చివరిసారి విజేతగా నిలిచింది 1986లో. అది మా అబ్బాయి పుట్టిన సంవత్సరం. 2022లో ఫైనల్ దాకా వెళ్లి, పక్కనే ఉన్న పెన్‌రిత్ జట్టు చేతిలో 28–12తో ఓడిపోయిన రాత్రి మనవడు అన్నం తినకుండా పడుకున్నాడట. గెలిచే జట్టు పక్క ఊళ్లోనే ఉండగా ఓడే జట్టును పట్టుకుని వేలాడడం ఏమిటని నేను అడిగితే, ఇల్లు ఇక్కడ ఉంది కదా నానమ్మా అన్నాడు. ఆ తరువాత మళ్లీ అడగలేదు.

ఆట గురించి ఎక్కువ చెప్పను. జట్టుకు పదమూడు మంది. బంతిని చేతితో వెనక్కే అందించాలి, కాలితో మాత్రం ముందుకు తన్నవచ్చు, ఎదుటివాళ్లు ఆరుసార్లు పట్టి పడవేసేలోపు ఏదో ఒకటి సాధించాలి. కబడ్డీ చూస్తూ పెరిగిన కళ్లకు రెండో ఆటకే అంతా అర్థమవుతుంది.

ఫిబ్రవరి 4, ఆదివారం నాడు జెర్సీ కొన్నాము. పిల్లల కొలతకే 130 డాలర్లు. వీపు మీద నంబరు వేయించినందుకు మరో 25. మొత్తం కలిపి మన లెక్కలో ఎనిమిదిన్నర వేలు. దుకాణంలో నేను పైకి ఏమీ అనలేదు కానీ, ఆ డబ్బుకు ఊళ్లో ఎన్ని పట్టు పరికిణీలు వస్తాయో లెక్క వేసుకోకుండా ఉండలేకపోయాను. మనవడు కోరుకున్నది ఒకటో నంబరు. ఈ ఆటలో నంబరు మనిషిది కాదు, స్థానానిది. ఒకటి అంటే అందరికంటే వెనుక నిలబడే ఫుల్‌బ్యాక్. అప్పుడు ఈల్స్‌లో ఆ స్థానంలో ఆడుతున్న క్లింట్ గథర్సన్ జట్టుకు కెప్టెన్ కూడా. అభిమానులు ఆయనను ‘కింగ్’ అని పిలుస్తారు. జెర్సీ వచ్చిన గంటకే దాని మీద సంతకం కావాలన్నాడు మనవడు. అది ఎంతసేపు పనిలే అనుకుని నేను ఒప్పుకున్నాను.

మొదటి ప్రయత్నం ఫిబ్రవరి 17, శనివారం. ఒక షాపింగ్ సెంటర్‌లో ఒక దుకాణం వారు ముగ్గురు ఆటగాళ్లను పిలిపించి సంతకాల కార్యక్రమం పెట్టారు. పదకొండింటికి మొదలు అన్నారు కనుక మేము 9.40కే చేరుకున్నాము, అప్పటికే ముందు నలభై మందికి పైగా ఉన్నారు. వరుసలో నిలబడడం నాకు కొత్త కాదు. రేషన్ దుకాణం నుండి పింఛను కార్యాలయం దాకా జీవితంలో చాలా భాగం వరుసల్లోనే గడిచింది. అయితే అక్కడి వరుసలో ఎవరూ తోయరు, ఎవరూ అరవరు, ముందువాడు కాఫీకి వెళ్లి వస్తే వెనుకవాడు చోటు ఉంచుతాడు. ఆ మర్యాద చూసి మన వంతు తప్పకుండా వస్తుందని నమ్మడమే నేను చేసిన పొరపాటు. ఆటగాళ్లు ఉండేది సరిగ్గా గంట. పన్నెండు దాటిన అయిదు నిమిషాలకు ఒక అమ్మాయి వచ్చి, మాకు పద్నాలుగు మంది ముందుగా తాడు కట్టేసింది. రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు నిలబడినందుకు పిల్లలకు తలా ఒక ఫొటో కార్డు ఇచ్చారు. దాని మీద సంతకం ఉంది కూడా. మనవడు వేలు తడి చేసి దాని మీద రుద్ది చూశాడు. సిరా కదలలేదు. అది అచ్చు వేసిన సంతకం.

తిరిగి వచ్చే బస్సులో వాడు ఏడవలేదు, కార్డును సీటు మీద బోర్లా పెట్టి కూర్చున్నాడు. నాకు మరొక బస్సు గుర్తుకు వచ్చింది. 1969లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, మా ఊరి నుండి తిరుపతి వెళ్లిన యాత్రా బస్సు కొండ దిగాక నేరుగా మద్రాసు త్యాగరాయనగర్ పోయి ఎన్.టి. రామారావుగారి ఇంటి ముందు ఆగింది. ఆ రోజుల్లో తిరుపతి బస్సులు అక్కడికి పోవడం మామూలే. మా బస్సులో ఒక్కరు కూడా ఆయన సంతకం అడగలేదు. అడగాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చినట్లు లేదు. చూశాము, దండం పెట్టుకున్నాము, బస్సెక్కాము. ఊరికి చేరేదాకా మా అమ్మ ఆ ముఖం గురించే మాట్లాడింది. చూస్తే చాలదా అని మనవడిని అడగాలనిపించింది కానీ, వాళ్లను వాడు టీవీలో ప్రతి వారం చూస్తూనే ఉన్నాడు. వాడికి కావలసింది చూపు కాదు, వాళ్లు కూడా ఒక్క నిమిషం తనను చూశారనడానికి గుర్తు.

రెండో ప్రయత్నం మార్చి 9న, ఆ సంవత్సరపు మొదటి మ్యాచ్‌లో. ఈల్స్ 26–8తో బుల్‌డాగ్స్‌ను ఓడించారు. ఆట ముగియగానే గెలిచిన జట్టు మైదానం అంచున కంచె వెంబడి నడుస్తూ పిల్లలకు సంతకాలు పెడుతుందని మనవడు చెప్పాడు, అది నిజమే. కానీ మా అబ్బాయి చవకగా వస్తున్నాయని పై అంతస్తులో టిక్కెట్లు కొన్నాడు. మేము మెట్లు దిగి, మనుషుల మధ్య నుండి దారి చేసుకుని కిందికి చేరేసరికి కంచె ముందు మూడు వరుసల పిల్లలు నిలబడి ఉన్నారు. నా ఎత్తుకు ఆటగాళ్ల తలలు మాత్రమే కనబడ్డాయి. సంతకం కోసం వెళ్లేవారు ఆటను తక్కువగా చూడడానికి సిద్ధపడి అయినా సరే, కింది వరుసల్లోనే టిక్కెట్లు తీసుకోవాలి. ఆ పాఠానికి మా నలుగురికీ కలిపి టిక్కెట్లకు 120 డాలర్లు, లోపల తిన్న వేయించిన బంగాళాదుంప ముక్కలకూ నీళ్లకూ మరో 38 అయ్యాయి. లోపల నోట్లు తీసుకోరు, కార్డు ఉండవలసిందే.

ఆ పాఠం ప్రకారం ఏప్రిల్ 1న, ఈస్టర్ సోమవారం నాడు వెస్ట్స్ టైగర్స్‌తో మ్యాచ్‌కు కింది నుండి రెండో వరుసలో కూర్చున్నాము. ఈసారి నేను పూర్తిగా సిద్ధపడి వెళ్లాను. ఏడు డాలర్లు పెట్టి బట్ట మీద రాసే నల్ల మార్కరు కొన్నాను. జెర్సీ గుడ్డ సాగుతుంది కనుక లోపల పెట్టడానికి పెట్టె అట్టను జెర్సీ వెడల్పున కత్తిరించి తెచ్చాను. ఇది ఎవరూ చెప్పకుండా నాకు నేనుగా ఆలోచించినదని కొంత గర్వం కూడా ఉండేది. ఈల్స్ ఒకే ఒక్క పాయింటుతో, 17–16తో ఓడిపోయారు. అయినా ఆటగాళ్లు కంచె దగ్గరికి వచ్చారు. మాకు నాలుగు అడుగుల దూరంలో ఒకతను మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగి, నేల వంక చూస్తూ నిలబడ్డాడు. పిలువు, పిలువు అని నేను మనవడి భుజం తట్టాను. వాడు పిలవలేదు. మార్కరు మూత బిగించి జేబులో పెట్టుకుని, ఇప్పుడు కాదు నానమ్మా అన్నాడు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదానిని; ఆ సాయంత్రం నాకు పాఠం చెప్పినవాడికి ఎనిమిదేళ్లు.

ఆ తరువాత నేను కొంతకాలం ఈ సంగతి మరచిపోయాను. ఏప్రిల్ 30 నుండి మనవడికి ఈత తరగతులు మొదలయ్యాయి. ప్రతి మంగళవారం సాయంత్రం నాలుగున్నరకు, వేడినీళ్ల కొలనులో అరగంట, ఒక్కో తరగతికి 23 డాలర్లు. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ పెద్దవాళ్లు గోడ పక్క బల్లల మీద కూర్చోవాలి. లోపలి ఆవిరికి కళ్లజోడు మసకబారుతుంది. బయట చలి కనుక వేసుకున్న స్వెట్టరు లోపల చెమట పట్టిస్తుంది. రెండింటికీ తట్టుకునేలా పలుచని శాలువా తీసుకుపోవడం మేలు. నేను ఊరి నుండి తెచ్చుకున్న తెలుగు పుస్తకం ఒకటి చదువుకుంటూ కూర్చునేదాన్ని.

మే 14న నా పక్కన ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు. బల్ల ఒక పక్కకు ఒరిగినట్లు అనిపించింది, అంత దిట్టమైన మనిషి. ముప్ఫై దాటి ఉండవు. రెండు వేళ్లకు కలిపి తెల్లని పట్టీ చుట్టి ఉంది. ఎడమ చెవి మడతలు పోయి, ఉడికించిన కందగడ్డలా ముద్దకట్టి ఉంది. నాలుగేళ్ల కూతుర్ని ఈతకు తీసుకువచ్చాడు. ఆ పిల్ల నీళ్లలోకి దిగనని మారాం చేస్తే ఎత్తుకోబోయి, భుజం నొప్పికి పళ్లు బిగించడం నేను చూశాను. పరాయి దేశం, పరాయి మనిషి అనే సంకోచం నాకు అప్పటికి పోయింది కనుక, చెవికి ఏమైందని అడిగాను. చాలాకాలంగా దెబ్బలు తగిలి లోపల రక్తం గట్టిపడిపోయిందని చెప్పాడు. కుస్తీ పట్టేవాడేమో అనుకున్నాను. పాలలో పసుపు వేసుకుని రాత్రిపూట తాగమని చెప్పాను. అతను శ్రద్ధగా విని, ఎంత పసుపు వేయాలని అడిగాడు.

మరుసటి వారం అతనే ముందు పలకరించాడు. నా పుస్తకం వైపు చూసి ఆ గుండ్రని అక్షరాలు ఏ భాషవని అడిగాడు. చెప్పాను. కూతురి పేరు ఆ అక్షరాల్లో ఎలా ఉంటుందో రాసి చూపమన్నాడు. లెక్కల పుస్తకంలో ఒక కాగితం చింపి, పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. ఈత ముగించుకుని వచ్చిన ఆ పిల్ల కాగితాన్ని తడిచేతులతో పట్టుకుని, తన పేరు అంతా చక్రాలే ఉన్నాయని సంబరపడింది. ఆ తరువాతి మంగళవారం తనకు ‘అ’ రాయడం నేర్పమంది. బల్ల మీద తడివేలితో దిద్దించాను. నా ఉద్యోగ జీవితంలో పలక లేకుండా అక్షరాభ్యాసం చేయించింది అదొక్కసారే.

ఇలా నాలుగు మంగళవారాలు గడిచాయి. అయిదో వారం, జూన్ 11న, మనవడు ఎప్పటికంటే ముందుగా నీళ్లలో నుండి బయటికి వచ్చాడు. తువ్వాలు అందుకోలేదు. నీళ్లు కారుతూ నా ముందు నిలబడి, నోరు తెరిచి, మూసి, చివరికి తెలుగులో, నీ పక్కన కూర్చున్నది ఎవరో నీకు తెలుసా నానమ్మా అన్నాడు. అందరి మధ్య రహస్యం మాట్లాడుకోవడానికి మా ఇంట్లో తెలుగే దారి. తెలుసు, ఆ పాప నాన్న అన్నాను. వాడు ఒక పేరు చెప్పి, ఫలానా జట్టులో ఆడతాడని, తన దగ్గర ఆయన బొమ్మ ఉన్న కార్డు కూడా ఉందని గబగబా చెప్పుకుపోయాడు. ఎంత తెలుగులో మాట్లాడినా మనిషి పేరు మాత్రం ఏ భాషలోనైనా పేరే కనుక, పక్కనున్న ఆయన తల ఎత్తి నవ్వాడు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు, జట్టు కూడా చెప్పను. సిడ్నీ పరిసరాల్లో తొమ్మిది జట్లు ఉన్నాయి కనుక ఊహించడం కూడా కష్టమే. ఆ కొలను దగ్గరికి ఆయన ఆటగాడిగా రాలేదు, ఆ పాప నాన్నగా వచ్చాడు. ఆయన ఆడేది ఈల్స్ జట్టులో కాదన్నది మాత్రం చెప్పవలసిన సంగతి, ఎందుకంటే అసలు చిక్కు దానితోనే వచ్చింది.

ఆ రాత్రి మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. నాలుగు నెలలుగా వరుసల్లోనూ కంచెల దగ్గరా వెతుకుతున్న మనిషి నెల రోజులుగా నా పక్కనే కూర్చుంటే, వచ్చే మంగళవారం జెర్సీ తీసుకుపోయి సంతకం పెట్టించేస్తే సరిపోతుందన్నాను. కోడలు అడ్డుచెప్పింది. పిల్లలతో ఉన్నప్పుడు, తింటున్నప్పుడు వాళ్లను అడగరు అత్తయ్యా, ఇక్కడ అది పద్ధతి కాదు అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. కూరగాయల దుకాణంలోనో పెట్రోలు బంకులోనో వీళ్లు అందరిలా తిరగగలుగుతున్నారంటే, చూసి కూడా చూడనట్లు పోయేవాళ్లు ఎక్కువమంది ఉండబట్టే. మన సినిమా హీరో ఒకరు తెనాలి మార్కెట్లో తానే సంచి పట్టుకుని వంకాయలు ఏరుకోవడం నేను ఊహించుకోలేను. కానీ మనవడి అభ్యంతరం వేరు. ఈల్స్ జెర్సీ మీద వేరే జట్టువాడి సంతకమా అన్నాడు వాడు, నేనేదో పూజగదిలోకి చెప్పులతో వెళ్లమన్నట్లు.

నాకు కోపం వచ్చింది. వాడి కోసం పడిన పాట్లన్నీ ఏకరువు పెట్టాను. ఆ తరువాత, పడుకోబోయే ముందు, మా చిన్నతనంలో రామారావు అభిమానులూ నాగేశ్వరరావు అభిమానులూ ఒకే వీధిలో ఉండి కూడా పండక్కి పలకరించుకోకుండా ఉండడం గుర్తుకు వచ్చి ఊరుకున్నాను. మా పెద్దన్నయ్య నాగేశ్వరరావు బొమ్మ ఉన్న క్యాలెండరు కట్నంగా ఇచ్చినా ఇంట్లో తగిలించేవాడు కాదు.

జూన్ 18న నేను జెర్సీ తీసుకుపోలేదు. కానీ ఉండబట్టలేక జరిగినదంతా ఆయనకు చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, పిల్లవాడిదే సరైన మాట అన్నాడు. తన చిన్నతనంలో తానూ అంతే చేసి ఉండేవాడినన్నాడు. అప్పుడు, ఆటగాళ్ల వైపు నుండి ఈ వ్యవహారం ఎలా కనబడుతుందో అరగంట సేపు చెప్పాడు. ఈ మొత్తం అనుభవంలో నాకు నిజంగా పనికివచ్చినది ఆ అరగంటే కనుక కొంచెం వివరంగా రాస్తాను. మ్యాచ్ అయిపోయాక వెతుక్కోవడం కంటే, మ్యాచ్‌కు ముందు ఒళ్లు వేడెక్కించుకోవడానికి వచ్చినప్పుడే కంచె దగ్గర చోటు పట్టుకోవాలట. అప్పుడు సంతకం చేయరు కానీ ఎవరు ఏ వైపు నుండి లోపలికి వెళ్తున్నారో తెలుస్తుంది. ఓడిన రాత్రి కూడా అడగవచ్చట. పిల్లవాడు అడగలేదని విన్నప్పుడు మాత్రం ఆయన కాసేపు ఏమీ అనలేదు. ‘సార్’ అని పిలిస్తే ఎవరినో అనుకుని తల తిప్పరు, పేరు పెట్టి పిలవాలి. ఫోనూ కలమూ ఒకేసారి చాచకూడదు; ఫొటోనో సంతకమో ముందే తేల్చుకోవాలి. ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించాలి, లేకపోతే ముదురు రంగు గుడ్డ మీద పెట్టేసి పోతారు, అది కనబడదు; నంబరు తెల్లగా ఉంటుంది కనుక దాని మీద పెట్టించుకోవడం మంచిది. అట్ట సంగతి చెబితే మెచ్చుకున్నాడు. పరుగున వస్తున్న మనిషికి ఒంటి మీద ఉన్న జెర్సీ మీద సంతకం చేయడం చాలా కష్టమట, పిల్లల వీపు కదులుతూనే ఉంటుందట.

తన మటుకు తనకు అన్నిటికంటే ఇబ్బంది ఏమిటని అడిగాను. దూరం నుండి దొంగతనంగా ఫొటో తీసేవాళ్లు అన్నాడు. వచ్చి అడిగేవాళ్లతో ఏ చిక్కూ లేదు, కాదనవలసి వస్తే కాదంటాను, కానీ కూతురు నోట్లో అన్నం పెడుతుంటే పక్క బల్ల నుండి ఫోను పైకి లేస్తే పిల్లే ముందు చూస్తుంది అన్నాడు. ఆ మాట విన్నాక నా ఫోనును సంచిలో లోపలి అరలోకి తోశాను.

సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానికీ క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికీ మధ్య ఏటా జరిగే స్టేట్ ఆఫ్ ఆరిజిన్ పోటీలో రెండో ఆట జూన్ 26న మెల్‌బోర్న్‌లో జరిగింది. ఈల్స్ ఆటగాడు మిచెల్ మోజెస్ న్యూ సౌత్ వేల్స్ తరఫున ఆడడం, వాళ్లు 38–18తో గెలవడం వల్ల మా ఇంట్లో ఆ రాత్రి పదకొండు దాకా ఎవరూ పడుకోలేదు. జులైలో బడికి సెలవులు, ఈతకూ సెలవులు. చెప్పుకోదగినదేమీ జరగలేదు.

ఆగస్టులో ఒక రాత్రి మ్యాచ్‌కు, ఆ మంగళవారం సలహాలన్నీ పాటిస్తూ వెళ్లాము. గేట్లు తీసిన పది నిమిషాలకే లోపల ఉన్నాము. చలికి నేను రెండు జతల మేజోళ్లు, మంకీ క్యాప్, పైన శాలువా. మనవడు నన్ను తన నానమ్మగా చెప్పుకోవడానికి కొంచెం ఆలోచించాడు. ఆట ముగిశాక, ముందు నుండి కంచెకు అంటుకుని నిలబడిన ఒక పెద్దాయన మావాడిని చూసి పక్కకు జరిగి తన చోటు ఇచ్చాడు. ఆటగాళ్లు వస్తున్నారు. వాడు అట్ట పెట్టిన జెర్సీని కంచె మీద పరిచి, నంబరు మీద వేలు పెట్టి, పేరు పెట్టి గట్టిగా పిలిచాడు. మొదటి ఆటగాడు ఆగాడు. మార్కరు అందుకున్నాడు. రెండు అక్షరాలు పడ్డాయి, మూడోది పడలేదు. అరచేతి మీద గీసి చూశాడు, అక్కడా పడలేదు. తప్పు మావాడిదే. ఎక్కడ ఆలస్యమవుతుందోనని ఆట చివరి పావుగంట నుండీ మూత తీసి పట్టుకుని కూర్చున్నాడు. ఆ చలిగాలికి మార్కరు మొన ఎండిపోయింది. పక్కనున్న అమ్మాయి తన వెండిరంగు కలం ఇచ్చింది. ఆయన వెళ్లిపోకుండా నిలబడి, మిగిలిన సంతకాన్ని దానితో పూర్తి చేశాడు. తరువాత మరో ఇద్దరు అదే కలంతో సంతకం చేశారు. మావాడి జెర్సీ మీద ఒక సంతకం సగం నలుపు, సగం వెండి. ఒకటో నంబరు ఆయనది మాత్రం దొరకలేదు.

దొరకనందుకు వాడు బాధపడతాడనుకున్నాను. వాడు దారి పొడుగునా మాట్లాడింది అరచేతి మీద గీసి చూసుకున్న ఆటగాడి గురించే. ఆ గీత ఆయన చేతికి ఇంకా ఉంటుందా, కడుక్కున్నాడా అని నన్ను అడిగాడు. ఆ సంవత్సరం గడిచేలోపే గథర్సన్ ఈల్స్‌ను విడిచి, 2025కు సెయింట్ జార్జ్ ఇలవార్రా డ్రాగన్స్‌కు వెళ్లడం ఖాయమైంది. నంబరు స్థానానిదే కానీ మనిషిది కాదని మొదట నాకు చెప్పినవాడు కనుక, మనవడు జెర్సీని మార్చమని అడగలేదు. ఖర్చులు కూడా ఇక్కడే చెబుతాను. జెర్సీ, మూడు మ్యాచ్‌ల టిక్కెట్లు, లోపలి తిండి, రెండు మార్కర్లు, బస్సు చార్జీలు అన్నీ కలిపి 593 డాలర్లు, మన లెక్కలో ముప్ఫై రెండు వేలకు పైమాటే. ఈత డబ్బు ఇందులో కలపలేదు, అది ఎలాగూ కట్టవలసిందే. జెర్సీని ఉతకకూడదని నిర్ణయం జరిగింది. ఇంటికి వచ్చిన నాడే దాని మీద పడిన పచ్చడి మరక కూడా అలాగే ఉంది.

సెప్టెంబరు 6న చివరి ఆటలో ఈల్స్ 60–26తో టైగర్స్‌ను ఓడించి, అట్టడుగు స్థానం వాళ్లకు వదిలి, దానికి రెండు మెట్లు పైన నిలిచారు. అట్టడుగున నిలిచిన జట్టుకు చెక్క గరిటె వచ్చిందంటారు అక్కడ. గరిటె తప్పినందుకు మా ఇంట్లో పాయసం చేయించుకున్నారు.

సెప్టెంబరు 24 ఆ విడతలో చివరి ఈత తరగతి. డిసెంబరులో నా తిరుగు ప్రయాణం, తరువాతి విడతకు మనవడి తరగతి శనివారానికి మారుతోంది కనుక, ఆయనతో అదే చివరి మంగళవారమని ఇద్దరికీ తెలుసు. పాప ఆ రోజు కొలను ఒక చివరి నుండి మధ్య దాకా ఎవరూ పట్టుకోకుండా వచ్చింది. ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. భుజం అప్పటికి తగ్గినట్లుంది, రెండు చేతులూ పైకి లేచాయి. పసుపు పాలు తాగుతున్నావా అని అడిగితే, భార్యకు ఆ వాసన పడక మానేశానని ఒప్పుకున్నాడు.

తరువాత, బట్టల సంచి అడుగు నుండి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం ఒకటి తీశాడు. మే నెలలో నేను చింపి ఇచ్చిన లెక్కల పుస్తకం కాగితం అది. పాప పేరు, చక్రాలు చక్రాలుగా. ఒక మూల తడి ఆరి ముడతపడి ఉంది. దీనికి చట్రం కట్టించి పాప గదిలో పెడతామని, అయితే రాసినవారి సంతకం లేకపోతే బాగుండదని భార్య అందని చెప్పి, కాగితాన్ని బల్ల మీద పరిచాడు. ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు కూడా.

నా సంచిలో ఆగస్టు తరువాత కొన్న కొత్త మార్కరు ఉంది. ప్రోగ్రెస్ రిపోర్టుల మీద ముప్ఫై ఏళ్లు పెట్టిన సంతకమే, తెలుగులో, కింద తేదీతో సహా పెడదామని దాన్ని బయటికి తీశాను. మనవడు నీళ్లు కారుతూ వచ్చి నా మోచేయి పట్టుకున్నాడు.

“ఉండు నానమ్మా,” అన్నాడు, “మూత ముందే తీయకు.”